బోధన్ బస్సులో అనువాదం

నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్లే బస్సులో నేనూ, నాతో పనిచేసే జర్మన్ మిత్రుడు మార్టినూ పక్కపక్కన కూర్చున్నాం. అదే సీటులో నాకు ఇటువైపు ఎడపల్లిలో దిగాల్సిన ఒక అవ్వ.

"గీయన ఏ దేశపోడు బిడ్డా?" అని అడిగింది.

చెప్పాను. ఆమె అడిగింది మార్టిన్‌కు ఇంగ్లీషులో చెబితే, తన వంశం సంగతి కూడా చెప్పమన్నాడు. పాత కాగితాలు వెతుకుతూ అయిదు వందల ఏళ్ల కిందటి తాతల దాకా వెళ్లాడతను. క్రైస్తవంలో కొత్త బోధ పుట్టిన కాలమది. దేవుడి ముందు అందరూ సమానమైనప్పుడు దొరకు ఊరికే చాకిరీ ఎందుకు చేయాలని రైతులైన ఆ తాతలు తిరగబడ్డారు. ఓడిపోయారు. అదంతా అవ్వకు చెప్పాను.

"మా అత్త గూడ గిట్లనే దొర గడీల వెట్టి జేసింది," అన్నది అవ్వ. "సంటిపిల్లకు పాలియ్యనీకి గూడ ఇంటికి పోనియ్యకపోతుండె."

అది మార్టిన్‌కు చెబితే ఆమెకు చేతులు జోడించాడు.

"మరి మీ తాతలేం జేసేటోళ్లు బిడ్డా?"

వ్యవసాయమని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆమె మాట విన్నాక అబద్ధం నోటికి రాలేదు.

"మాది జగిత్యాల దిక్కు అవ్వా. మా తాత దొర. అక్కడి గడీ మాదే."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. అవ్వ కొంగు భుజం మీదికి లాక్కుని, సీటు అంచుకు జరిగి నాకు చోటిచ్చింది.

"సక్కగ కూసోండ్రి దొరా," అన్నది.

వద్దవ్వా అన్నా వినలేదు. ఎడపల్లి వచ్చేదాకా ఆ అంచునే కూర్చుంది.

"ఏమంటోంది?" అన్నాడు మార్టిన్.

"సరిగ్గా కూర్చోమంటోంది," అన్నాను. చివరి మాట అతనికి చెప్పలేకపోయాను.