టీచర్ చేప, నా పికప్ బ్యాటరీ

మా పాత పికప్‌లో బ్యాటరీ ఎప్పుడు చస్తుందో దానికి తెలియదు, నాకు అసలే తెలియదు. ఆబిడ్స్‌లో నాది రంగు చేపల దుకాణం. బండి వెనక నీలం డ్రమ్ము, అందులో నీళ్లు, నీళ్లలో చేపలు, చేపలకు గాలి ఊదే చిన్న మోటారు. ఆ మోటారు వైర్లు నేరుగా బండి బ్యాటరీకే తగిలించి ఉంటాయి. అది గుడగుడలాడినంతసేపు చేపలు బతుకుతాయి, నేనూ బతుకుతాను. ఆగిందంటే చేపల సంగతి తరువాత, ముందు నా నోరే తెరుచుకుని మూసుకోవడం మొదలవుతుంది.

కిందటి నెలలో ఒకసారి ఆగింది. డ్రమ్ములోని బంగారు చేపలన్నీ తెల్లటి పొట్టలు ఆకాశానికి చూపించాయి. ఆ రోజు నుంచి తాళం చెవి ఒక్కసారికి రంధ్రంలో దూరితే ఒట్టు, దాని చుట్టూ గీతలు పడి చక్కటి ముగ్గు తయారైంది.

గౌలిగూడలో బండ్లకు కరెంటు పని చేసే ఉస్తాద్ దగ్గరికి నాలుగుసార్లు తీసుకెళ్లాను. ఆయన మీద గౌరవం కొద్దీ ప్రతిసారీ డ్రమ్ము దించి, బండి ఊడ్చి, కడిగి, ఆరబెట్టి మరీ తీసుకెళ్లాను. ఆయన బానెట్ ఎత్తి, మీటర్ పెట్టి, నా వైపు జాలిగా చూసేవాడు.

"సేటు, డైనమో పద్నాలుగు వోల్టులు కొడ్తుంది. బెల్టు మంచిగుంది. బ్యాటరీ నిరుడే కొత్తది ఏసినం. బండికేం లేదు, ఫికరంతా నీకే ఉంది. ఇంటికి పోయి జర పండుకో."

పడుకున్నాను. కలలో కూడా బంగారు చేపలు పొట్టలు చూపించాయి.

సరిగ్గా అప్పుడే నాంపల్లి నుంచి టీచర్ ఫోన్ చేసింది. బడిలో నాకు లెక్కలు చెప్పిన టీచర్. ఇప్పుడు ఆమెకు డెబ్బై ఆరు, నాకు యాభై రెండు. ఆ గొంతు వింటే మాత్రం నాకు పన్నెండే. పదకొండేళ్ల కింద నా దుకాణంలో బొటనవేలంత ఆస్కార్ చేపను కొనుక్కుపోయింది. అదిప్పుడు చాటంత అయింది. ఆ ఇంట్లో ఆమె కాక ఊపిరి పీల్చే రెండో ప్రాణి అదొక్కటే. కిరాయి ఇల్లు ఖాళీ చేసి ఉప్పల్‌లో ఫ్లాట్‌కు మారుతోందట.

"బీరువాలు, మంచాలు ఎవడైనా మోస్తడు. వాన్ని మాత్రం నువ్వే తోల్కపోవాలె. వానికేమన్నా అయితే..."

వాక్యం అక్కడే ఆపేసింది. ఆమె ఆపేసిన వాక్యాలు ఎలా ముగుస్తాయో నా వీపుకు తెలుసు. బండి బాగాలేదని చెప్పాల్సింది. నోరు మాత్రం ఎక్కం అప్పజెప్పినట్టు "సరే టీచర్" అంది.

మే నెల, పొద్దున పది గంటలు. ఎండకు తారు రోడ్డు దోశ పెనంలా ఉంది. టీచర్ తొట్టిలోని నీళ్లే డ్రమ్ములో పోసి, చేపను దించి, అలవాటుగా రెండు గుప్పిళ్ల దొడ్డుప్పు వేశాను. ప్రయాణంలో చేప బెదరకుండా ఉండడానికి మా దుకాణదారులందరం చేసే పనే అది. మోటారు గుడగుడమంది. టీచర్ నా పక్క సీట్లో కూర్చుని, మెడ పూర్తిగా వెనక్కి తిప్పి, అద్దంలోంచి డ్రమ్మునే చూడసాగింది.

నాంపల్లి స్టేషన్ దాటాం. గుడగుడ. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. గుడ... గుడ... తరువాత ఏమీ లేదు. డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలగనైనా లేదు.

"అరేయ్, బుడగలేవి?"

"ట్రాఫిక్ చప్పుడుకు వినపడ్తలేదు టీచర్."

"బుడగలు చెవులతోటి చూస్తరారా?"

ఒప్పుకున్నాను. బ్యాటరీ జబ్బు, బంగారు చేపలు, ఉస్తాద్, కలలు, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఇంజన్ ఆపితే మళ్లీ లేవదని కూడా చెప్పాను. టీచర్ దిగి, చీర కొంగు నడుముకు దోపి, నేను వద్దంటున్నా బండి వెనకకు ఎక్కింది. అక్కడున్న మగ్గుతో డ్రమ్ములో నీళ్లు తోడి, పైనుంచి అదే డ్రమ్ములోకి ధారగా పోయడం మొదలుపెట్టింది.

"గిట్ల పోస్తే నీళ్లల్ల గాలి కలుస్తది. నువ్వు నడుపు. మెల్లగ!"

నత్తలు హారన్ కొట్టి దాటిపోయేంత మెల్లగా నడిపాను. వెనక ఏ దేవుడికో అభిషేకం జరుగుతోందనుకుని స్కూటర్ మీద పోయే ఒకాయన దండం పెట్టాడు.

దారిలోనే ఉన్న గౌలిగూడకు చేరేసరికి నా చొక్కా పిండితే ఇంకో డ్రమ్ము నిండేది. ఉస్తాద్ రాగానే అలవాటుగా డ్రమ్ము దించడానికి వంగాను.

"ముట్టకు!" అని అరిచాడు ఉస్తాద్. "గిన్ని దినాలు కడిగి, ఊడ్చి, ఖాళీ చేసి తెచ్చినవ్. రోగాన్ని ఇంట్ల పెట్టి మనిషిని నాకు చూపిచ్చినవ్. ఇయ్యాల రోగం తోటే వచ్చినవ్, ఉండనియ్."

ఇంజన్ నడుస్తుండగా డైనమో దగ్గర మీటర్ పెట్టాడు. పద్నాలుగు. బ్యాటరీ దగ్గర పెట్టాడు. పదకొండున్నర. అంటే వంటవాడు వండుతూనే ఉన్నాడు, విస్తరి ముందు కూర్చున్నవాడు పస్తులే ఉన్నాడు. వడ్డించేవాడు మధ్యలో ఎక్కడో చచ్చాడు. మీటర్ పుల్ల ఒకటి బ్యాటరీ మైనస్‌కు, రెండోది ఛాసిస్ ఇనుముకు ఆనించాడు. సున్నా ఉండాల్సిన చోట రెండున్నర చూపించింది. ఉస్తాద్ వెల్లకిలా బండి కిందికి దూరాడు. పైనుంచి టప్‌మని ఒక చుక్క ఆయన మూతి మీద పడింది. నాలుకతో తడిమాడు.

"ఉప్పు!"

బండి వెనక రేకుకు కిందే బ్యాటరీ. దాని ఎర్త్ వైరు ఛాసిస్‌కు బోల్టుతో బిగించి ఉంది. డ్రమ్ములోంచి ఒలికిన నీళ్లు రేకు సందులోంచి ఏళ్లుగా ఆ బోల్టు మీదే కారాయి. అక్కడ పచ్చగా, తెల్లగా పుట్టగొడుగులా పొక్కు లేచింది. బండి ఖాళీగా, కదలకుండా ఉంటే ఎంతో కొంత తగిలేది. నిండు డ్రమ్ము బరువుతో గుంతల్లో ఊగితే వదిలేసేది.

"ఉప్పు ఎవడేసిండు?" అని ఉస్తాద్ కింది నుంచి అడిగాడు.

"ఎవర్రా?" అని టీచర్ పైనుంచి అడిగింది.

నా చెయ్యి దానంతటదే పైకి లేచింది.

ఆ బోల్టు విప్పి, గరుకు కాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, కొత్త బోల్టు బిగించి, పైన గ్రీజు పూసేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ మగ్గు నా చేతిలో ఉంది, ఎన్ని మగ్గులు పోశానో టీచర్ లెక్కపెడుతోంది. రెండు వందల దగ్గర చేప ఒక పక్కకు వాలింది. టీచర్ లెక్క ఆపేసింది. ఆమె రెండు చేతులూ నీళ్లలో పెట్టి చేపను నిటారుగా పట్టుకుంది. నేను మగ్గు ఆపలేదు. అప్పుడు మోటారు దగ్గి, గుడగుడమంది.

ఉప్పల్ చేరేవరకు బుడగలు ఆగలేదు. కొత్త తొట్టిలో వదిలితే చేప రంగు వెలిసి, అడుగున ఒక మూల కూలబడింది. మరుసటి ఉదయం ఏడింటికి టీచర్ ఫోన్.

"తినలే." పెట్టేసింది.

రెండో రోజు ఏడింటికి, "తినలే." మూడో రోజూ అంతే. నాలుగో రోజు ఫోన్ మోగలేదు. ఏడున్నర అయినా మోగలేదు. నేను చేస్తే ఎత్తలేదు. దుకాణం తెరవకుండా ఉప్పల్ పరిగెత్తాను. లిఫ్టులోకి మధ్యలో ఎవరైనా ఎక్కి నా ముఖం చూస్తారేమోనని ఐదంతస్తులూ మెట్లెక్కాను. బెల్లు కొట్టాను. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. టీచర్ కుడి చెయ్యి మోచేతి దాకా తడిసి, నీళ్లు కారుతున్నాయి.

"ఫోన్ ఎత్తలేదు టీచర్..."

"ఒక చెయ్యి వాని నోట్లున్నది, తింటుండు. ఇంకో చేత మేత డబ్బ ఉన్నది. ఫోన్ కాలుతోటి ఎత్తాల్నారా?"

చెప్పులతోనే లోపలికి ఉరకబోయాను. ఆమె అడ్డం నిలబడింది.

"చెప్పులిడిచి లోపటికి రా. వాన్ని క్షమాపణ అడుగు."

అడిగాను. సరిగ్గా వినపడలేదని రెండోసారి కూడా అడిగించింది.