గున్నమామ పాటలో నాలుగో వరుస

"చెయ్యియ్యమన్న కాడ చెయ్యి విరువుమని ఎవడు పెట్టిండు బిడ్డా?"

యూనివర్సిటీ హాస్టల్ మెస్సు వెనక గుమ్మంలో ఈరమ్మ ఈ మాట అడిగింది. కత్తిపీట ముందు సొరకాయ సగం తరిగి ఉంది. పక్క మెట్టు మీద ఆమె మనవడు ఇమ్మానుయేల్, తొమ్మిదేళ్లవాడు, కుడిచేతికి సిమెంటు కట్టుతో కూర్చున్నాడు. అబద్ధం ఆడటానికి మనిషికి ఎంతసేపు పడుతుందో పరుశురాంకు ఆ రోజు తెలిసింది. చేతిలోని ప్లేటు కింద పెట్టేంతసేపు కూడా పట్టలేదు.

"స్టూడియోవాళ్లు మార్చిన్రు పెద్దమ్మా. నాకు ఎరుకనే లేదు."

మార్చింది అతనే.

పరుశురాంకు ముప్పై మూడేళ్లు. జనగామ వైపు పల్లె, ఇంట్లో మూడెకరాల పత్తి. తెలుగులో పిహెచ్‌డీ, ఏడో ఏడు. విషయం పిల్లల ఆటపాటలు. ఫెలోషిప్ అయిదో ఏడుతో ఆగిపోయింది. పరిశోధన ఆగలేదు, ఎందుకంటే రాయకుండా కూర్చోవడాన్ని కూడా క్యాంపస్‌లో పరిశోధనే అంటారు. గది కూడా తనది కాదు, స్నేహితుడిది. ఇలాంటివాళ్లను నాన్‌బోర్డర్లంటారు. మెస్సులో వాళ్లకు లెక్క ప్రకారం అన్నం లేదు. పరుశురాంకు దొరికేది ఈరమ్మ పుణ్యం.

ఈరమ్మ మాణికేశ్వర్ నగర్‌లో ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా ఈ మెస్సులో కూరగాయలు తరుగుతోంది. ఆమెకు పాటలు వస్తాయని పరుశురాంకు అనుకోకుండా తెలిసింది. వంకాయలు తరుగుతూ ఏదో గొణుక్కుంటుంటే ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. ఫెలోషిప్ ఇంకా వస్తున్న రోజుల్లో, ఒక ఎండాకాలమంతా ఆమె పీట దగ్గర కూర్చుని పన్నెండు పాటలు తీసుకున్నాడు. వాటిలో ఒకటి వాళ్ల ఊరి మాదిగవాడలో తప్ప మరెక్కడా లేదని ఆమే చెప్పింది.

*గున్నమామ గున్నమామ గుండె చూపియ్యి*
*గుద్దితె గుట్టంత దుమ్ము లేపియ్యి*
*ఒకటంటె ఒరిగె, రొండంటె పండె*
*మూడంటె చెయ్యియ్యి, ముద్ద తినిపియ్యి*

ఇద్దరు పిల్లలు కలబడతారు. ఒకడు కింద పడితే రెండోవాడు రొమ్ము మీద కూర్చుని లెక్కపెడతాడు. మూడు అనగానే కిందివాడు చెయ్యి పైకెత్తుతాడు. ఎత్తిన చెయ్యిని పట్టుకుని లేపాలి, లేపి ఉత్త చేత్తో వాడి నోట్లో ముద్ద పెట్టినట్టు చెయ్యాలి. పెట్టకపోతే గెలిచినవాడు గెలిచినట్టు కాదు. అందరూ కలిసి వాణ్ని ఆటలోంచి వెళ్లగొడతారు. "ముద్ద పెట్టనోడు మనిషే గాదు, మల్లెట్ల ఆడుతడు?" అని ఈరమ్మ చెప్పింది. పరుశురాం ఆ మాటను కూడా నోట్సులో రాసుకుని కింద గీత గీశాడు. రికార్డింగులన్నీ అయ్యాక ఒక వోచరు మీద ఆమె వేలిముద్ర వేయించుకున్నాడు. సమాచారం ఇచ్చినవాళ్లకు పరిశోధన నిధిలోంచి అయిదు వందలు. "పైసలు శాంక్షన్ గాంగనే ఇస్త పెద్దమ్మా," అన్నాడు. "ఇయ్యిరాదు, యాడికి పోతవ్," అందామె.

తార్నాకలో టిఫిన్ సెంటర్ మీద రెండో అంతస్తులో భానుప్రకాశ్‌కు డబ్బింగ్ స్టూడియో ఉంది. ఒకప్పుడు ఇదే క్యాంపస్‌లో పరుశురాంకు జూనియర్. అమెరికా కుస్తీ ప్రోగ్రాం ఒకదాన్ని తెలుగు చేసే కాంట్రాక్టు అతనికి వచ్చింది. అక్కడ దాన్ని రాత్రిపూట పెద్దవాళ్లు చూస్తారు. ఇనుప కుర్చీతో నెత్తిన బాదుకోవడం, నెత్తురు, బూతులు, సగం బట్టల ఆడవాళ్లు. ఇక్కడ ఆదివారం పొద్దున పదింటికి, ఒక బిస్కెట్ల కంపెనీ ఖర్చుతో. ప్రతి ప్యాకెట్లో ఒక యోధుడి కార్డు. భానుప్రకాశ్ ఇచ్చిన కాగితం మీద మూడో లైనులో ఉంది: వయసు ఆరు నుంచి పన్నెండు. పరుశురాం ఆ లైను చదివాడు. చదవలేదని ఒకరిద్దరితో చెప్పాడు గానీ, చదివాడు.

"అన్నా, పిల్లల నోట్లె తిరగాలె. బడి గేటు కాడ వినవడాలె. గా పని నీతోనే అయితది," అన్నాడు భానుప్రకాశ్.

అయింది. గున్నమామ పాట ముప్పై సెకన్ల ప్రోమోకు అతికినట్టు సరిపోయింది. అందులోని నూట యాభై కిలోల కుస్తీవాడికి గున్నమామ అని పేరు కూడా కుదిరింది. నాలుగో వరుస దగ్గర మాత్రం చిక్కొచ్చింది. దాన్ని తియ్యమని ఎవరూ అడగలేదు. భానుప్రకాశ్‌కు అసలు నాలుగో వరుస ఉందని కూడా తెలియదు. టిఫిన్ సెంటర్ పక్క మెట్లెక్కుతూ, రెండో మలుపు దగ్గర నిలబడి, పరుశురామే ఫోన్లో కొట్టేసి మార్చాడు: *మూడంటె చెయ్యి విరువు, మూటగట్టియ్యి.* ప్రోమోలో ఆ మాట దగ్గరే ఆ భారీ మనిషి కిందపడ్డవాడి చెయ్యి పట్టుకుని తిప్పుతాడు. రాసిన క్షణంలో పరుశురాంకు సంతోషమే కలిగింది. ప్రాస చెడలేదు.

హెచ్చరిక రాసింది కూడా అతనే. దానికి వేరే డబ్బు లేదు కాబట్టి రెండు నిమిషాల్లో తేల్చాడు: "బాలబాలికలు ఈ విన్యాసములను అనుకరింపరాదు." కొట్టుకోమని చెప్పింది ఇంటి భాషలో, వద్దని చెప్పింది పత్రం భాషలో. తెలుగులో ఎమ్మే చేసినవాడికి ఈ తేడా తెలియదని ఎవరూ అనలేరు.

నెల తిరక్కుండా పాట షేర్ ఆటోల్లో వినిపించింది. డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో అతని గైడు సోమయాజులు గారు, "చూశారా, జానపదానికి చావు లేదు, కొత్త మాధ్యమంలోకి నడిచింది," అని చప్పట్లు కొట్టించారు. జానపదం ఎవరి చెయ్యి విరుచుకుంటూ నడిచిందో అప్పటికి ఎవరికీ తెలియదు. పరుశురాం లేచి దణ్ణం పెట్టాడు.

ఈరమ్మకు తెలిసిన తీరు ఇది. మాణికేశ్వర్ నగర్ గల్లీలో ఇమ్మానుయేల్, పక్కింటి పిల్లవాడు కలబడ్డారు. ఇమ్మానుయేల్ కింద పడ్డాడు. మూడు అనగానే నాయనమ్మ నేర్పినట్టు చెయ్యి పైకెత్తాడు. పక్కింటివాడు టీవీ నేర్పినట్టు ఆ చెయ్యి పట్టుకుని తిప్పాడు. మోచేతి దగ్గర ఎముక చిట్లింది. ఈరమ్మ లొల్లికి పోయింది. వాళ్లు ఫోన్ తీసి ప్రోమో పెట్టారు. "మావోడు తప్పాడలేదు పెద్దమ్మా, పాటల ఎట్లున్నదో గట్లనే ఆడిండు," అన్నారు. ఆమె తన ఊరి పాట విన్నది. ఆ పాట ఆమె బయట ఇచ్చింది ఒక్కడికే.

అందుకే మర్నాడు గుమ్మంలో అడిగింది. అబద్ధం విన్నాక లేచి కొంగు దులుపుకుంది.

"అయితే నన్ను తీస్కపో. పాట నాది, నేనే చెప్త వాళ్లకు."

"ఎందుకు పెద్దమ్మా, నేను మాట్లాడుత గద."

"నువ్వు మెత్తటోనివి. నీ మాట ఎవడింటడు? పా."

షేర్ ఆటోలో పరుశురాం ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక సీట్లో మనవడితో కూర్చున్న ఈరమ్మకు కనపడకుండా ఫోన్ తొడ మీద పెట్టుకుని భానుప్రకాశ్‌కు మెసేజ్ కొట్టాడు: "పాట చెప్పిన పెద్దమ్మ వస్తోంది. మీరే మార్చారని చెప్పు. ప్లీజ్." తార్నాక చౌరస్తా వచ్చేలోపు టిక్కులు నీలమయ్యాయి. జవాబుగా ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది.

భానుప్రకాశ్ ఆ పాత్ర బాగా పోషించాడు. కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు.

"తప్పయింది పెద్దమ్మా. మేమే మార్చినం. అన్నకు తెల్వది."

"నీకు పిల్లలున్నరా సారు?"

"ఇద్దరు, పెద్దమ్మా."

"వాళ్లకు సూపెడతవా గిది?"

"లేదు పెద్దమ్మా, మా ఇంట్ల టీవీ బందే. చదువు ఖరాబైతది," అన్నాడు భానుప్రకాశ్. దాచాల్సిన మాటని అతనికి తట్టనే లేదు.

ఈరమ్మ తిట్టింది. తల్లిని, తండ్రిని, బిస్కెట్ కంపెనీని, మైకుని వరసగా తిట్టింది. తర్వాత గొంతు సవరించుకుని నాలుగు వరుసలూ పాడింది, పిల్లలకు పాఠం చెప్పినట్టు.

"మస్తున్నది పెద్దమ్మా. గనీ ఓడినోనికి ముద్ద తినిపిస్తే ఇగ మల్ల ఎవడు కొట్టుకుంటడు?"

"గందుకే గదరా పెట్టింది, పిచ్చోడా."

భానుప్రకాశ్ నవ్వాడు. లోపలికి వెళ్లి కార్డుల డబ్బా, గున్నమామ బొమ్మున్న టీషర్టు తెచ్చి ఇమ్మానుయేల్‌కు ఇచ్చాడు. అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న పిల్లవాడి ముఖం వెలిగింది.

"అంకుల్, 'మూడంటె చెయ్యి విరువు' నువ్వే రాసినవా?"

భానుప్రకాశ్ ఒకసారి పరుశురాం వైపు చూశాడు. "అవ్, నేనే."

"మస్తున్నది అంకుల్! మా బడిల అందరు పాడుతరు. గీడ సంతకం పెట్టవా?" అని వాడు సిమెంటు కట్టు ముందుకు చాపాడు. ఆ లైను విరిచిన చెయ్యి అదే.

భానుప్రకాశ్ స్కెచ్ పెన్నుతో పెద్ద సంతకం చేశాడు. పరుశురాం కిటికీ దగ్గర నిలబడి చూశాడు. సిగ్గు రావాలి. వచ్చింది కూడా, కానీ తర్వాత. ముందు వచ్చింది అసూయ. *అది నేను రాసింది* అని నోటిదాకా వచ్చి ఆగింది. నిజం చెప్పాలన్న కోరిక ఆ మొత్తం వ్యవహారంలో అతనికి గట్టిగా కలిగింది ఆ ఒక్కసారే. అది ఎందుకు కలిగిందో అర్థమయ్యాక రాత్రి అన్నం తినలేకపోయాడు.

మెట్లు దిగుతుంటే భానుప్రకాశ్ వెనకనుంచి భుజం పట్టుకుని చెవిలో అన్నాడు, "నీ కోసం అమ్మనా బూతులు తిన్ననన్నా. ఇగ రొండో ప్రోమో శుక్రవారానికి రావాలె." పరుశురాం గురువారానికే ఇచ్చాడు. ఈసారి ఈరమ్మ పాటలు ముట్టుకోలేదు. మహబూబాబాద్ నుంచి తెచ్చుకున్న ఇంకో ముసలమ్మ పాట వాడాడు.

మొదటి ప్రోమో మారలేదు. ఈరమ్మ అడగలేదు. పెద్ద కంపెనీవాళ్లతో ఒక్కసారి చెప్పి చూడటమే తన పని అనుకుందేమో. కానీ మెస్సులో మాత్రం అందరికీ చెప్పింది. "మా పరుశురాం నన్ను తీస్కపోయి నిలవెట్టిండు. కొట్లాడిండు. సదువుకున్నోళ్లల్ల గసోంటోడు ఉండడు." కొత్తగా వచ్చిన వంటాయనకు కూడా అతన్ని వేలితో చూపించి, "ఈ పిలగానికి గుడ్డు వెయ్యి," అంది. ఆదివారాలు అతని ప్లేటులో రెండు గుడ్లు పడ్డాయి. పరుశురాం తిన్నాడు.

చెబుదామని మూడుసార్లు అనుకున్నాడు. ఒకసారి ఆమెకు జ్వరం. ఒకసారి చుట్టూ మనుషులు. మూడోసారి ఏ అడ్డూ లేదు. ఆమె ఒక్కతే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది, అతనూ కూర్చుని ఒక గుప్పెడు తుంచాడు. "ఏంది బిడ్డా, ఏమన్న జెప్తవా?" అని కూడా అడిగింది. "ఏం లేదు పెద్దమ్మా," అన్నాడు.

ఇమ్మానుయేల్ చెయ్యి అతికింది, పూర్తిగా చాచితే మాత్రం కొంచెం వంకరే. కట్టు తీసేటప్పుడు సంతకం ఉన్న ముక్కను జాగ్రత్తగా కోయించుకుని దాచుకున్నాడు.

పరుశురాం థీసిస్ ఈ మార్చిలో సమర్పించాడు. అనుబంధంలో నలభై ఏడో పాట గున్నమామ. నాలుగు వరుసలూ ఉన్నాయి, ఒక్క అక్షరం మారలేదు. కింద ఇలా ఉంది: సమాచారదాత ఈరమ్మ, వయసు అరవై ఒకటి, వృత్తి వంటపని. వెనక పేజీలో వోచరు జిరాక్సు. అయిదు వందల రూపాయలు ముట్టినట్టు ఆమె ఎడమ బొటనవేలి ముద్ర.

ఆ డబ్బు మూడేళ్ల కిందటే శాంక్షనయింది. పరుశురాం తీసుకున్నాడు. ఈరమ్మకు ఇంకా ఇవ్వలేదు.