రాహుకాలానికి ముందు వదిలేసిన బోల్టు

ఇన్నేళ్లుగా నా ఛాతీలో ఒక బోల్టు ఉంది. ఎక్స్‌రేలో కనబడదు. దవాఖానాకు పోతే గ్యాస్ అంటారు. ఒంటరిగా ఉంటే బరువు, నలుగురిలో నవ్వుతుంటే ఇంకా బరువు. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

నాచారంలో లారీల కింద పడుకుని బతికేవాణ్ణి నేను. స్ప్రింగులు, గుంతల్లో కుదుపు ఆపే షాకబ్జర్లు నా పని. పని కంటే కథలే ఎక్కువని పేరు. ఉప్పల్ స్టేడియంలో కొట్టిన సిక్సర్ వచ్చి మా రేకుల మీద పడిందన్నాను. బంతి ఏదని అడిగినవాడికి, మేక మింగిందన్నాను. ఎవరికీ నొప్పి పుట్టని అబద్ధాలు. ఒక్కటి తప్ప.

మా పక్క షెడ్డు ఇబ్రహీం భాయ్‌ది. వెల్డింగ్ చేసేవాడు. ఎదురుగా లారీల అడ్డా మీద యాదగిరి ఉండేవాడు. కిటికీ అద్దాలు మోసే లారీ అతనిది. ఇద్దరూ ఒకే డబ్బాలో అన్నం తినేవాళ్లు. రంజాన్ నెల వస్తే యాదగిరి పగటిపూట భాయ్ కళ్ల ముందు చాయ్ కూడా ముట్టేవాడు కాదు.

ఒకసారి యాదగిరి లారీ ముందు షాకబ్జర్లు మార్చమన్నాడు. కంపెనీవి కాకుండా బయట దొరికే లావుపాటివి తెచ్చాడు. వాటిని పట్టి ఉంచే పాత బ్రాకెట్లలో అవి పట్టలేదు. ఇబ్రహీం భాయ్ కొత్త బ్రాకెట్లు వెల్డింగ్ చేసి ఇచ్చాడు. బిగించే పని నాది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బండి జాకీ మీద ఉన్నప్పుడు షాకబ్జర్ కింది బోల్టును చేత్తో తిప్పి వదిలేస్తాం. చక్రాలు నేలకు ఆని బరువు పడ్డాక పానాతో గట్టిగా బిగిస్తాం. ముందే బిగిస్తే లోపలి రబ్బరు మెలిపడుతుంది. ఇది నాకు నిద్రలో కూడా తెలుసు.

ఆ రోజు యాదగిరికి తొందర. రాహుకాలం రాకముందే బండితో నిమ్మకాయలు తొక్కించాలి. కొబ్బరికాయ కొట్టాడు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. నేను జాకీ దించి కుడివైపు బోల్టు బిగించాను. ఎడమవైపుకు వంగేలోపే అతను ఎక్కి స్టార్ట్ చేశాడు. నిమ్మకాయలు చితికాయి. డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. బండి ఉప్పల్ వైపు పోయింది. ఒక్క కేక వేస్తే ఆగేవాడు. ఎందుకు వేయలేదు? అందరి ముందు ‘ఆగు, పని సగమే అయింది’ అనడానికి నామోషీ పడ్డాను. అంతే. ఆ కాస్త నామోషీ కోసం అద్దాల లోడుతో తిరిగే మనిషిని వదులు బోల్టు మీద పంపాను.

సాయంత్రానికి తిరిగొచ్చాడు.

“ఏందన్నా గిది? గుంత ఒస్తే సాలు, డబ్బాల రాళ్లేసి ఊపినట్టు ముందట లొడలొడ మోగుతుంది. అద్దాలు పగిలితే నన్ను మల్ల పిలుస్తరా?”

అడ్డా అంతా చుట్టూ చేరింది. నేను కింద దూరాను. ఎడమ బోల్టు వేళ్లతోనే తిరిగింది. నా ముందు యాదగిరి పాదాలు, అటూ ఇటూ అడుగులు వేస్తున్నాయి. ‘నేనే బిగించలేదురా’ అన్న మాట నోటి దాకా వచ్చింది.

“దొరికిందా అన్నా?”

“దొరికింది. బ్రాకెట్ వెల్డింగ్ పట్టలే. లోపలంత డొల్ల. నేను సూసిన గాబట్టి సరిపోయింది, లేకుంటే నువ్వు, నీ అద్దాలు మూసీల ఉంటుంటిరి.”

“భాయ్ వెల్డింగా? ఒట్టా?”

“నా చెవి మీద నమ్మకం లేదార? ఇంజను దగ్గు ఇని డ్రైవర్‌కు జరమొచ్చిందని జెప్పినోణ్ణి!”

అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య చప్పుడు కాకుండా బోల్టు బిగించేశాను. బండి నడిపి చూస్తే మోత లేదు. నేనే ఏదో సర్దానన్నాను.

యాదగిరి నేరుగా ఇబ్రహీం షెడ్డుకు పోయి పదిమందిలో నిలదీశాడు. భాయ్ సుత్తి తెచ్చి బ్రాకెట్ మీద కొట్టి చూపించాడు. అది కదల్లేదు. కానీ మోత ఆగింది నా చేతిలో కదా, ఎవరు వింటారు? భాయ్ ఒకసారి నా వైపు చూశాడు. నేను చాయ్ ఊదుకుంటున్నాను.

ఆ తర్వాత వాళ్లిద్దరూ కలిసి తినలేదు. అడ్డా మీది బండ్లు మెల్లగా వేరే వెల్డింగ్ షాపులకు మళ్లాయి. ఇబ్రహీం భాయ్ షెడ్డు ఎత్తేసి నారపల్లి పోయాడు. కొత్త ఇళ్లకు గేట్లు చేసుకుంటున్నాడని విన్నాను.

మర్నాడే చెప్పొచ్చు కదా? చెప్పాలనే అనుకున్నాను. ఒక రోజు ఆగితే ‘నిన్న ఎందుకు చెప్పలేదు’ అన్న ప్రశ్న కూడా తోడవుతుంది, ఆ ప్రశ్నకు జడిసి ఇంకో రోజు ఆగాను, అలా ఆగుతూ ఆగుతూ ఆ అబద్ధాన్ని నేనే నిజమని నమ్మడానికి కూడా ప్రయత్నించాను. నా చేతులు మాత్రం నమ్మలేదు.

మొన్న ధైర్యం చేసి డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో మొత్తం నా గొంతుతో రికార్డు చేసి పెట్టాను. నవ్వు బొమ్మలు వచ్చాయి. “మామ కొత్త కథ మస్తుంది” అన్నాడొకడు. “మరి మేక యాడుంది మామా?” అన్నాడు ఇంకొకడు. జీవితంలో ఒక్కసారి నిజం చెబితే అదీ నా కోతల్లో కలిసిపోయింది. ఎవరిని అనాలి? నేను పెంచుకున్న పేరే.

యాదగిరి మాత్రం నవ్వు బొమ్మ పెట్టలేదు. మర్నాడు పొద్దున్నే నా షెడ్డుకు వచ్చాడు. స్టూలు వేస్తే కూర్చోలేదు.

“గిది గూడ కథేనా?”

“కాదు.”

 తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

“భాయ్ షెడ్డు నారపల్లిల యాడ?”

చెప్పాను. బండెక్కి పోయాడు. నన్ను రమ్మనలేదు.

అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. అడిగే హక్కు లేదు. పోయిన షెడ్డు నా మాటతో తిరిగి రాదు. నేనూ నారపల్లి పోతాను, యాదగిరి వెనక దాక్కుని కాదు, ఒక్కణ్ణే. భాయ్ గేటు వేసేసినా సరే, బయట నిలబడి చెప్పొస్తాను. ఇది రాస్తుంటే ఊపిరి కాస్త లోపలి దాకా దిగుతోంది.

ఇబ్రహీం భాయ్ వెల్డింగ్ గట్టిది. బోల్టు బిగించనిది నేను. దీనికి ఇంకేమీ కలపను.