సోఫాల వరుస లేని బొమ్మ

అమెరికాలో మా హెర్న్‌డన్ ఊరి డ్రాయింగ్ మాస్టారు పోయారన్న కబురు నాకు తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో తెలిసింది. దాని కింద వరుసగా దండాల బొమ్మలు. ఆ దండాలు పెట్టినవాళ్లలో సగం మంది, ఆయన బతికున్నన్నాళ్లూ మొహం తిప్పుకున్నవాళ్లే. పోయిన మనిషి ఇక బొమ్మ గీయలేడు కదా, భయం తీరింది. నాకు ఇలాంటి ఆలోచనలే వస్తాయి. దానికి క్షమాపణ చెప్పను.

మాస్టారిది మా వీధే. శనివారాలు బేస్‌మెంట్‌లో మా పిల్లలకు బొమ్మలు నేర్పేవారు. పెన్సిల్ బ్లేడుతో చెక్కి, పొట్టు చొక్కా జేబులో వేసుకునేవారు. లైబ్రరీ వాళ్లు వదిలించుకుంటుంటే తెచ్చుకున్న పాత పుస్తకం ఒకటి ఆయన దగ్గరుండేది. అన్నీ విక్టోరియా రాణి కాలపు లండన్ వ్యంగ్యచిత్రాలు. పేరుమోసిన గాయని నోరు గంపంత తెరిచి పాడుతుంటుంది, ఆమె కాళ్ల దగ్గర పూలగుత్తుల గుట్ట. పై బాల్కనీల్లో దొరసానులు పిడి ఉన్న బుల్లి దుర్భిణుల్లోంచి చూస్తుంటారు, ఆమెను కాదు, ఎదుటి బాల్కనీలో ఎవరొచ్చారో. "పాట ఎవడిక్కావాలండీ? ఎవరెక్కడ కూర్చున్నారన్నదే కచేరీ," అనేవారు మాస్టారు.

హైదరాబాద్ నుంచి సినిమా గాయని వచ్చినప్పుడల్లా ఆయన హైస్కూల్ ఆడిటోరియంలో వేదిక పక్కన, దానికి వీపు పెట్టి నిలబడి జనాన్ని గీసేవారు. మనవాళ్లు పైకెత్తిన ఫోన్ల బదులు వాళ్ల చేతుల్లో ఆ పిడి దుర్భిణులు పెట్టేవారు. ముందు సోఫాల్లో డోనర్లు. గాయని రికార్డు పెట్టుకుని పెదాలు కదిపినా లేచి చప్పట్లు కొట్టేవాళ్లు. అడిగితే నెగెటివిటీ అనేవాళ్లు. కమిటీ పెద్ద ఒకాయన, "మాస్టారూ, మమ్మల్ని కాస్త హ్యాండ్‌సమ్‌గా వెయ్యొచ్చుగా," అన్నాడు. "మీరు కాస్త కుదురుగా కూర్చోండి, చూద్దాం. కెమెరా ఎటు తిరిగితే అటు తిరుగుతున్నారాయె," అన్నారు మాస్టారు.

సంతాపసభలో ఆయన గీసిన ఒక బొమ్మను తెర మీద పెద్దదిగా వేశారు. చూడగానే నాకు మండింది. అందులో సోఫాల వరుస లేదు. బొమ్మ రెండో వరుస నడుముల దగ్గరే తెగిపోయింది. లేచి నిలబడి, పెద్దల మొహాలు దాచడానికి పోయిన మనిషి బొమ్మకే కత్తెర వేశారా అని సంఘం అధ్యక్షుణ్ణి నిలదీశాను. ఇంట్లోవాళ్లు ఇచ్చింది ఇచ్చినట్టే స్కాన్ చేశామన్నాడు. నేను నమ్మలేదు. ఒరిజినల్ చూపించేదాకా కదలనన్నాను.

మాస్టారి భార్య వచ్చి, నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లారు.

"వాళ్లు కాదు బాబూ. కత్తిరించింది మీ మాస్టారే."

"ఎవరికి భయపడి అమ్మా?"

"భయం కాదు. నువ్వు నొచ్చుకుంటావని."

అప్పుడు గుర్తొచ్చింది. ఒకసారి మా ఆఫీసు డైరెక్టర్ ఇచ్చిన పాస్‌తో నేనూ ఆ సోఫాలో కూర్చున్నాను. ఒక్క సాయంత్రమే. వేదిక పక్కనున్న మాస్టారు నన్ను చూడలేదనుకున్నాను. ఆ తర్వాత ఎన్నో శనివారాలు ఆయన ఇంట్లో కాఫీ తాగుతూ సోఫాల వాళ్లను తిట్టాను. ఆయన పెన్సిల్ చెక్కుకుంటూ విన్నారు. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

అధ్యక్షుడికి ఫోన్ చేసి, కత్తెర మీది కాదని ఒప్పుకున్నాను. మిగతావేవీ వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు ఆమె ఆ పాత పుస్తకంలోంచి సన్నటి కాగితం ముక్క తీసి నా చేతిలో పెట్టారు. సోఫాల్లో అందరూ కెమెరాకు నవ్వుతున్నారు. ఒక్కడు మాత్రం సోఫా మీద మోకాలు మోపి, వెనక్కి తిరిగి, పిడి దుర్భిణి కంటికి పెట్టుకుని, తనను ఎవరు చూస్తున్నారా అని హాలంతా వెతుకుతున్నాడు. మొహం సగమే కనబడుతోంది. బట్టతల మాత్రం పూర్తిగా నాదే.