తప్పు నాదని ఎత్తిన చెయ్యి

1967. బోధన్‌లో ఒక ఆడపిల్లల హైస్కూల్లో నేను సంగీతం టీచర్ని. ఒక హార్మోనియం, దాని పక్కన ఒక బెత్తం, ఇవే నా పనిముట్లు. చెరకు బండ్ల కాలంలో కిటికీ తెరిస్తే ఎడ్ల గజ్జెల చప్పుడు, మూసినా ఆగని చక్కెర ఫ్యాక్టరీ మొలాసిస్ పులుపు వాసన. వాటి మధ్యనే పిల్లలకు శ్రుతి నేర్పాలి.

నా పద్ధతి ఒక్కటే. పాట ఎత్తుకుంటే చివరిదాకా ఆగకూడదు. తప్పు పోతే మింగేసి ముందుకు నడవాలి. పొద్దుటి ప్రార్థన నుంచి జెండా పండుగ దాకా ఇదే నా చట్టం.

ఆ ఏడాది ఆగస్టు జెండా పండుగ నాడు ఎనిమిదో తరగతి గంగామణి ఆ చట్టం తప్పింది. పెద్దమనుషుల ముందు మైకు దగ్గర ఒక్కతే పాడుతూ రెండో చరణంలో ఒక మాట తడబడింది. అక్కడితో ఊరుకోకుండా ఆగి, చరణం మొదటికి వెళ్లి మళ్లీ అందుకుంది. జనంలో నవ్వులు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు తరగతిలో అందరి ముందు నిలబెట్టి, "నడిమిట్ల ఎందుకాగినవ్?" అని అడిగాను.

"తప్పువోయింది టీచరమ్మా. నాట్లేసేటప్పుడు మా అవ్వ తప్పు పాడితే గట్లనే మొదటికెల్లి మల్ల అందుకుంటది."

"ఇది పొలం కాదు," అన్నాను. పాటల బృందంలోంచి తీసేశాను. దెబ్బ వెయ్యలేదు కదా, అదే నా మంచితనం అనుకున్నాను. ఆ తర్వాత గంగామణి ప్రార్థనలో పెదవులు మాత్రం కదిపేది. తెలుగు క్లాసులో పద్యం చదవమన్నా నిలబడి నేల చూసేదట. నావల్ల ఒక పిల్ల గొంతు మూతపడుతోందని తెలుస్తూనే ఉంది. ఒప్పుకోవడానికి మాత్రం మనసు రాలేదు.

చలికాలంలో హైదరాబాద్ నుంచి ఒక ఆర్కెస్ట్రా కచేరీ కోసం నిజామాబాద్ వచ్చింది. కచేరీకి ముందు పగలు చేసే సాధనను, అంటే రిహార్సల్‌ను, మా పిల్లల్ని చూడనిమ్మని బతిమాలాను. ఎనిమిదో తరగతి మొత్తాన్ని బస్సులో తీసుకెళ్లాను. అలా గంగామణీ వచ్చింది. ఆగకుండా వాయించడమంటే ఏమిటో వాళ్లకు చూపించాలని నా పంతం.

పాతికమంది వాయిద్యకారులు. వాళ్లకెదురుగా సన్నటి కర్రతో కండక్టర్, అంటే తాళం చూపి అందరినీ నడిపించే ఆయన. వాయించడం మొదలైన నిమిషానికే ఆయన కర్రతో స్టాండు మీద కొట్టారు. అందరూ ఆగారు. "మల్లొకసారి." మళ్లీ వాయించారు, మళ్లీ ఆపారు. అవే నాలుగు లైన్లు ఎన్నిసార్లు వాయించారో. పిల్లలు బెదురుగా నా వైపు చూడసాగారు. ఇక ఎవరికి బెత్తం పడుతుందోనని వాళ్ల భయం.

అప్పుడు ముందు వరుసలో, తెల్లగడ్డం ఉన్న వయొలిన్ సాహెబ్ తనంతట తానే ఆగి, వాయించే కమాను పైకెత్తారు.

"గల్తీ నాది. గా లైన్‌కెల్లి మల్ల అందుకుందం."

కండక్టర్ తలూపారు. ఎవరూ నవ్వలేదు. అందరూ కాగితాల్లో వెనక్కి వెళ్లి అక్కడి నుంచే అందుకున్నారు.

నేను తల తిప్పితే గంగామణి నన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం కూడా లేదు. నాకు చెప్పలేనంత సిగ్గేసింది.

విరామంలో చాయ్ తాగుతున్న సాహెబ్ దగ్గరికి వెళ్లాను. "పిల్లల ముందట గల్తీ ఒప్పుకున్నరు. మీకు నామోషీ కాలేదా?"

"ఈడ ఆగితేనే కచేరీల ఆగకుండ పోతం అమ్మా. ఆగెతందుకే ఈ జాగ," అన్నారాయన. చాయ్ గ్లాసు కింద పెట్టి, "మీ పిల్లలు యాడ ఆగుతరు?" అని అడిగారు.



మర్నాడు బెత్తాన్ని బీరువాలో పడేశాను. తరగతి ముందు గంగామణితో, "ఆ దినం తప్పు నాది బిడ్డా. ఆగేందుకు నీకు నేను జాగ ఇయ్యలే," అని, బృందంలోకి రమ్మన్నాను. వచ్చి వెనక వరుసలో నిలబడింది. పెదవులు కదిలాయి, గొంతు వినపడలేదు. ఒక్క మాటతో అంతా సర్దుకుంటుందని ఎదురుచూడటం కూడా నా పెద్దరికమే.

ఆ రోజు నుంచి హార్మోనియం మీద నా వేలు తప్పినప్పుడల్లా చెయ్యెత్తి, "తప్పు నాది, మల్ల," అనేదాన్ని. మొదట పిల్లలు బిత్తరపోయారు. పోను పోను ఒకరిద్దరు వాళ్లూ చెయ్యెత్తడం నేర్చారు.

నెల దాటింది. ఒక మధ్యాహ్నం పాట నడుస్తుండగా వెనక వరుసలో ఒక చెయ్యి లేచింది. హార్మోనియం ఆపాను.

"తప్పు నాది టీచరమ్మా," అంది గంగామణి. "గా లైన్‌కెల్లి మల్ల పాడుదమా?"

నాకు ఏ తప్పూ వినపడలేదు. ముప్ఫై గొంతుల్లో ఆమె గొంతు కలిసిందన్న సంగతే నాకు తెలియదు. పెదవులు మాత్రమే కదిపే పిల్లకు తప్పు ఎక్కడ పోతుంది? కళ్లు నిండి హార్మోనియం మెట్లు మసకబారాయి. తడుముకుని ఆ లైను మొదటి స్వరం ఇచ్చాను.

ఆ తర్వాత నేను పనిచేసినన్నేళ్లూ, ప్రతి జూన్‌లో వచ్చే కొత్త పిల్లలకు సరిగమల కంటే ముందు చెయ్యెత్తడం నేర్పాను.