పసుపు యార్డులో రహస్య ఉపవాసం

ఆ రోజుల్లో ఉపవాసం ఉన్న సంగతి ఉన్నవాడికీ దేవుడికీ తప్ప మూడోవాడికి తెలిసేది కాదని ఈమధ్య దాకా అందరితోనూ వాదించేవాణ్ణి. ఈస్టర్ ముందు నలభై రోజుల శ్రమల దినాలకు మొదటి రోజైన భస్మ బుధవారం వచ్చిందంటే చాలు, ఇప్పటి పిల్లలు ఫోన్లలో స్టేటస్‌లు మొదలుపెడతారు. 'ఈరోజు పన్నెండో దినం, ప్రార్థించండి' అని ఒకడు పెడితే, దాని కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరుతాయి. మొదట్లో మండిపడేవాణ్ణి. ఇప్పుడు కోపానికి కూడా ఓపిక లేదు. (కోపగించడం కూడా కూలిపనిలాంటిదే, అరవై దాటాక నడుము సహకరించదు.) పైగా నా సంగతి నాకు గుర్తుంది కదా.

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. ఆర్మూర్ పసుపు యార్డులో హమాలీని. నాయన పోయాక ముఠాలో ఆయన చోటు నాకిచ్చారు. ఆ చోటు సర్కారు నౌకరీ లాంటిది కాదు. సీజన్ నడుమ పది రోజులు రాకపోతే ఇంకొకడు వచ్చి నిలబడతాడు, నిలబడ్డవాడిదే అవుతుంది. ఇంట్లో మా అవ్వ (అమ్మను మేం అలాగే పిలుస్తాం), నేను. ఆ చోటే మా పొయ్యి. బడికి నాలుగో తరగతితో సలాం కొట్టినా, పొట్లాలు కట్టిన కాగితాలు చదివి చదివి అక్షరాలు గట్టిచేసుకున్నాను. ముఠాలో చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ గర్వం మూపు మీద బస్తా కంటే బరువుగా ఉండేది.

ఆ ఏడు శ్రమల దినాల మొదట్లో మా పాస్టరయ్య గారు, ఈ నలభై రోజులు మనసు లోకం మీద నుంచి తీసి దేవుని మీద పెట్టండి, ఉపవాసముంటే ముఖాలు వేలాడేసుకుని పదిమందికి చాటుకోకండి అని చెప్పారు. అందరూ విన్నారు, ఇంటికి పోయి అన్నం తిన్నారు. నేను మాత్రం పట్టుకున్నాను. పొద్దు పొడిచిన కాడి నుంచి గుంకే దాకా తిండి లేదు, నీళ్లు లేవు, ఎవరికీ చెప్పేది లేదు, అవ్వకు కూడా. (నీళ్లు మానమని అయ్యగారు చెప్పలేదు. అది నా సొంత కల్పన.) అవ్వ కట్టిచ్చిన సద్ది రోజూ పక్క ముఠాలోని బక్కోడికి పెట్టేవాణ్ణి. వాడు ఒళ్లు చేస్తున్నాడు, నేను ఎండిపోతున్నాను. మనసు పరలోకం మీద పెట్టాను కానీ, పదకొండు గంటలకల్లా అది దిగివచ్చి ఆ సద్దిలోని పచ్చిమిరపకాయ తొక్కు చుట్టూ తిరిగేది.

సీజన్‌లో యార్డంతా పసుపు దుమ్ము. అందరం పచ్చగానే ఉంటాం. కానీ రెండు వారాలకు నా కళ్లు గుంటలు పడ్డాయి, దవడలు లోపలికి పోయాయి. పదిహేనో రోజు బస్తా ఎత్తబోయి దాని మీదే బోర్లా పడ్డాను. మా ముఠా మేస్త్రిని అందరం కాక అనేవాళ్లం. కాక వచ్చి నా కనురెప్ప లాగి చూశాడు.

"పిలగా, నీకు పసరికలైనయ్. ఇంటికి నడువ్. తక్కువైనంక చూద్దాం."

కామెర్లు కాదు, ఉపవాసం అని ఒక్క మాట అంటే అయిపోయేది. అంటే పుణ్యం పోతుందని నోరు మూసుకున్నాను. కబురందుకుని అవ్వ యార్డు గేటు దాకా ఉరికొచ్చింది. చేతులు కూడా కడుక్కోనివ్వకుండా నన్ను సిరికొండ బస్సెక్కించింది. అక్కడ పసరికలకు మందిచ్చే ముసలమ్మ ఒకామె ఉండేది. అరచేతులకు సున్నం రాసి నీళ్లు పోస్తే రోగం పచ్చగా దిగిపోతుందని పేరు. నా చేతులకూ రాసింది, నీళ్లు పోసింది. చేతులూ నీళ్లూ ఎర్రబడ్డాయి, నెత్తురులాగా. ముసలమ్మ వెనక్కి జరిగింది.

"పచ్చగ దిగంగ చూసిన గానీ ఎర్రగ దిగంగ చూడలే బిడ్డా. రోగం రక్తంల వడ్డది. నాతోని కాదు."

(పసుపులో సున్నం కలిస్తే ఎరుపవుతుందని తెలియనివాళ్లు మా వైపు ఉన్నారా? పెళ్లిళ్లలో ఎర్రనీళ్లు కలిపేది ఆడవాళ్లే. భయం వేస్తే తెలిసిన సంగతులే ముందు పారిపోతాయి.)

నేను భయపడలేదు. అంతకంటే ఘోరం చేశాను. శ్రమల దినాలు, ఖాళీ కడుపు, అరచేతుల నడుమ ఎర్రటి మరకలు. సిలువ మీద మేకులు దిగిన ఎవరి చేతుల గాయాలు నాకు అనుగ్రహించారో అర్థమైపోయింది. తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చుని ఇద్దరం ఏడ్చాం. అవ్వ నా చావుకు, నేను నా పరిశుద్ధతకు. ఆ గుర్తులు చెరిగిపోతాయేమోనని ఆ సాయంత్రం అన్నం చెంచాతో తిన్నాను.

తెల్లవారి పిడికిళ్లు బిగించుకుని అయ్యగారి ఇంటికి పోయాను. ఆయన సైకిల్ చైను సరిచేసుకుంటున్నారు. పిడికిళ్లు విప్పి చూపించాను. ఆయన చూశారు, వాసన చూశారు, లోపలున్న అమ్మగారిని నిమ్మచెక్క తెమ్మన్నారు. ఆమె రెండు రుద్దులు రుద్దింది. నా పరిశుద్ధత మళ్లీ పసుపయింది.

ఆయన నవ్వలేదు. నవ్వితే బాగుండేది. ఎన్నాళ్ల నుంచి తినడం లేదని అడిగితే, పొద్దుగూకే దాకా పదహారు రోజులన్నాను.

"గీ పదహారు దినాలల్ల దేవుణ్ణి ఎన్నిసార్లు యాది జేసుకున్నవ్?"

నిజాయితీగా వెతికాను. తొక్కు దొరికింది, నేను దొరికాను. ఇంకేమీ దొరకలేదు. అదే చెప్పాను. ముందు పోయి మేస్త్రితో నిజం చెప్పుకోమన్నారు. చెబితే ఉపవాసం చెడుతుంది కదా అయ్యగారూ అన్నాను.

"మీ అవ్వ పొద్దుగాలనే ప్రార్థనకొచ్చి ఏడ్చిపోయింది. రాత్రిసంది ముద్ద ముట్టలేదట. మీ ఇంట్ల ఉపాసమున్నది ఆమె, నువ్వు గాదు."

ముందు ఇంటికి పోయాను. అవ్వకు చెప్పాను. వీపు మీద రెండు చరిచింది, తర్వాత జొన్న గట్క కలిపి నా ముందే తిన్నది. అక్కడి నుంచి యార్డుకు పరుగెత్తాను. అప్పటికే నా చోట్లో మెండోర ఊరి మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు, చేతిలో బస్తాలు లాగే మా నాయన కొక్కెం. అందరి ముందూ, రోగం కాదు ఉపవాసమని, ఎర్రటి చేతుల కథతో సహా చెప్పేశాను. ముఠా అంతా పడీపడీ నవ్వింది. కాక ఒక్కడే కోపంగా చూశాడు.

"ఒక్కపొద్దా? శనారం నేనుంట, సోమారం గా పక్కోడుంటడు. చెప్తే నీ నోటి ముత్యాలు రాల్తయా? మీ నాయన చోట్ల ఇంకొకణ్ణి నిలవెట్టిచ్చినవ్ గదరా నాతోని."

మెండోర మనిషికి ఆ రోజుకు వేరే ముఠాలో పని చూపించాడు. కొక్కెం నా చేతిలో పెట్టి, నీళ్లు తాగితేనే బస్తా ముట్టమన్నాడు. తాగాను. మట్టల ఆదివారం పోయి ఈస్టర్ వచ్చేదాకా పొద్దంతా నీళ్ల మీదే పనిచేశాను. పెద్ద బస్తా వస్తే, అడగకుండానే ఎవడో ఒకడు బరువు వైపు పట్టేవాడు. మధ్యాహ్నం సద్దులు విప్పినప్పుడు నన్ను నీడలో కూర్చోబెట్టి, వాళ్లందరూ గోడ వైపు తిరిగి తినేవాళ్లు. ఎవరూ చెప్పుకోలేదు, మాట్లాడుకోలేదు, తిరిగారంతే. పసుపు అంటిన ఆ వీపులను చూస్తుంటే, ఆ నలభై రోజుల్లో మొదటిసారి నా ఆకలి సంగతి మర్చిపోయాను.

ఇప్పుడు షుగర్. పూట తప్పితే చంపేస్తానన్నట్టు చూస్తుంది మా కోడలు. ఈ శ్రమల దినాల్లో కూడా పన్నెండు కొట్టగానే పళ్లెం పట్టుకుని కూర్చుంటున్నాను. మొన్న కోడలు అడిగింది, "ఏంది మామా, గోడ దిక్కు తిరిగి తింటున్నరు?"

ఇంట్లో ఎవరైనా చెప్పకుండా ఉపవాసమున్నారేమోనని, బిడ్డా, అన్నాను. ఆమె అప్పుడే తిన్నట్టు చెంగుతో మూతి తుడుచుకుంటూ లోపలికి పోయింది. ఆ పూట ఆమె తిన్నదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను కూడా అడగలేదు.