దిష్టి కాదు, అద్దం తగిలింది

ఈ రోజు పాలకొల్లులో మా సహవాసంలోని ఒక కుటుంబం ప్రార్థనకు రమ్మని పిలిచింది. వాళ్ళ నాలుగేళ్ళ పాప బంతి వెనక పరుగెత్తి, హాలుకీ వరండాకీ మధ్య కొత్తగా పెట్టించిన స్లైడింగ్ అద్దాల తలుపుకు గుద్దుకుంది. నుదుటి మీద కుట్లు పడ్డాయి. కంటికి దెబ్బ తప్పింది, దేవునికి స్తోత్రం.

"పిల్లకి దిష్టి తగిలిందండి అయ్యగారూ, గట్టిగా ప్రార్థన చెయ్యండి" అంది నాయనమ్మ.

"దిష్టి కాదమ్మా, అద్దం తగిలింది" అన్నాను.

పిల్ల తండ్రి ముఖం మాడ్చుకున్నాడు. అద్దం ఉన్నట్టే తెలియకూడదని రోజూ తుడిపిస్తున్నాడట! మిద్దెకు పిట్టగోడ కట్టనివాడి ఇంటి మీద, అక్కడినుంచి పడినవాడి రక్తదోషం ఉంటుందని లేఖనం చెబుతోంది. ఆ మాట చదివి వినిపించి, పిల్ల కంటికి ఆనేటట్టు అద్దానికి ఒక రంగు కాగితం అంటించమన్నాను.

"అందం పోద్ది కదండీ! మీరు ప్రార్థన చేసెయ్యండి, చాలు" అన్నాడు తండ్రి.

చేశాను, ఆ పసిదాని ముఖం చూసి. బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంటుంటే లోపలినుంచి ఆయన కేక వినబడింది. అద్దం మీద పిల్ల చేతి ముద్రలు పడ్డాయట, వెంటనే తుడవమని పనమ్మాయికి చెబుతున్నాడు. అక్కడ అద్దం ఉందని చెప్పేవి ఆ ముద్రలొక్కటే.

కాపాడడానికి దేవుడు దూతల్ని పంపుతాడు, నిజమే. వాళ్ళకైనా ఆ అద్దం కనపడాలి కదండీ! మీ ఇళ్ళల్లో అద్దాలకు ఏం అంటించారో కాస్త చెప్పండి.